నిజం మబ్బు, ఉత్త మబ్బు

మా స్టూడియోలో ఫొటోలు తీసేది నేను. వాటికి ఆకాశం వేసేది మబ్బులక్క. పొద్దున్నే షట్టరెత్తేది నేను, బోర్డు మీద ఉన్నది నా పేరు. అయినా ఊళ్ళో ఎవరినడిగినా "మబ్బులక్క దగ్గర తీయించుకున్నాం" అంటారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి ఒంట్లో ఓపిక లేదు.

ఆకాశం వేయడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్తాను. జనానికి ఫొటో సంగతి మిట్టమధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఆ వెలుతురులో మనిషి మొహం సరిగ్గా రావాలంటే వెనకున్న ఆకాశం తెల్లగా కాలిపోతుంది. మబ్బులక్క ఆ తెలుపును కంప్యూటరులో కత్తిరించి పారేసి, ఇంకో రోజు తీసిపెట్టుకున్న ఆకాశాన్ని తెచ్చి అక్కడ అతుకుతుంది. అదీ మామూలు ఆకాశం కాదు. నల్లగా, బరువుగా, కింది అంచు చిరిగి వేలాడుతూ, ఇప్పుడో ఇంకాసేపట్లోనో నెత్తిన పడుతుందనిపించే ఆకాశం.

అదేం పిచ్చో గానీ జనానికి అదే కావాలి. పెళ్ళి కుదిరిన జంటలు వచ్చి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, వెనక తుఫాను పెట్టమంటారు. "హాయిగా పెళ్ళి చేసుకోబోతూ నెత్తిన ఈ ప్రళయం ఎందుకమ్మా" అని నేను ఉండబట్టలేక అడిగేవాణ్ణి. వాళ్ళు నన్ను మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూసి, "మూడ్, అంకుల్" అనేవాళ్ళు. నాకూ మూడ్ ఉంటుంది, దాన్నెవరూ ఫొటో తీయరు.

మబ్బులక్క మాత్రం నవ్వేది కాదు. ఆమెకు అది వేళాకోళం వ్యవహారం కాదు. స్టూడియో వెనకగదిలో, కిటికీకి వీపు పెట్టి, పాత శాలువా ఒకటి తలమీదుగా కంప్యూటరు తెరదాకా కప్పుకుని కూర్చునేది, బయటి వెలుతురు రంగులను పాడుచేయకుండా. ముందు జుట్టు అంచులు. ఒక్కొక్క వెంట్రుకనూ పాత ఆకాశం నుంచి విడదీసేది. తర్వాత కొత్త ఆకాశం. తర్వాత అసలు పని. "ఆకాశం మారితే కిందున్నదంతా మారాలి బాబాయ్" అనేది. మొహాల మీద ఎండ చంపేది. నేలమీద నీడలు చెరిపేది. నీళ్ళుంటే వాటికి మబ్బు రంగు పట్టించేది. పైట ఎటు ఎగురుతుంటే మబ్బూ అటే పోవాలని బొమ్మను తిప్పి పెట్టేది. ఒక పూటలో అయిపోవాల్సిన పని ఆమె చేతిలో పడితే వారమైనా తేలేది కాదు. కౌంటరు దగ్గర కూర్చుని చివాట్లు తినేవాణ్ణి మాత్రం నేను.

ఇంత ఆలస్యానికీ కారణం ఆమె తమ్ముడు.

ఆ అక్కాతమ్ముళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళ తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. ఐసు ఫ్యాక్టరీ వెనక రెండు గదులు, పైన మేడ. మేడ నిండా తాళ్ళు, తాళ్ళ నిండా తెల్లదుప్పట్లు. తల్లి రెండో విడత గుడ్డలకు ఆసుపత్రికి పోతే, ఆరేసినవాటికి కాపలా ఈ పిల్లలిద్దరే. వాన వస్తే తీసెయ్యాలి, రాకపోతే తీయకూడదు. అన్ని దుప్పట్లు తీసి మళ్ళీ ఆరేయాలంటే పిల్లలకు ప్రాణం పోతుంది. అందుకని అక్క ఆకాశం వైపు వేలు చూపించి, "ఒరేయ్, నిజం మబ్బా, ఉత్త మబ్బా?" అని అడిగేది. లాగు జారిపోతున్న ఆ పిల్లాడు తలెత్తి, ముక్కు ఎగబీల్చి, "ఉత్తదే" అనేవాడు. లేదంటే "నిజమే అక్కా" అనేవాడు. వాడు "నిజమే" అంటే ఇద్దరూ దుప్పట్ల మీద పడి లాగేవాళ్ళు. ఆ పిల్లాడి మాట ఒక్కసారీ తప్పు పోలేదని ఆమె చెప్పేది. తమ్ముడి విషయంలో ఆమె లెక్కలు ఎప్పుడూ కాస్త ఉదారంగా ఉంటాయి, కానీ ఈ ఒక్కటీ నేను నమ్ముతాను. తల్లి పోయాక వాణ్ణి పెంచిందీ, చదివించిందీ, చదువు అబ్బకపోతే రేవులో పనికి పెట్టించిందీ ఆమే. వాడు సరంగు అయ్యాడు. మా ఊరి రేవు నుంచి సరస్సు అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే తెల్లలాంచీని నడిపేవాడు.

ఆకాశాన్ని చదవగలిగినవాడు సరంగు కాక ఇంకేమవుతాడు? ఈమె ఆకాశాలు అతికే పనిలో పడింది. ఆట మాత్రం ఆగలేదు. ఏ ఫొటో పూర్తయినా ముందు తమ్ముడి ఫోనుకు పోవాల్సిందే. వాడు అవతలి ఒడ్డున, కొండ కింద, జనం ఎక్కేదాకా ఖాళీగా ఉండేవాడు. చూసి జవాబు పెట్టేవాడు. "ఉత్తదే. ఇంత నల్లమబ్బు కింద చెట్టు ఆకు అంత మెరవదు." ఆమె సరిచేసేది. "ఉత్తదే. గాలి లేదు." మళ్ళీ సరిచేసేది. ఎప్పటికో "నిజమే" అని వచ్చేది. ఆ మాట వచ్చిన రోజు మా అందరికీ టీ తెప్పించేది. ఆ మాట రానిదే ప్రింటు వేయనిచ్చేది కాదు, గుమ్మంలో పెళ్ళికొడుకు నెత్తీనోరూ కొట్టుకుంటున్నా సరే.

ఈ ఆటలో మూడో మనిషి కూడా ఉన్నాడు. లాంచీలో తాడు విసిరి కట్టే ముసలాయన. తాడు పెద్దాయన అనేవాళ్ళం. సరంగు భుజం మీదుగా తొంగిచూసి, "నా మోకాళ్ళు నొప్పెట్టలేదు కాబట్టి ఇది ఉత్త మబ్బే. మీ అక్కకు చెప్పు, మోకాళ్ళు కూడా నొప్పెట్టేలా వేయమని" అనేవాడట. స్టూడియోకు వచ్చినప్పుడల్లా నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగి, నా ఫొటోలు బాలేదని చెప్పి పోయేవాడు. ఆయనంటే నాకు ఇష్టమని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆ ఎండాకాలం సరస్సు ఒడ్డున కొత్త హోటలు లేచింది. హోటలాయన వచ్చి, లోపలికి రాగానే కనిపించే గోడ నిండా ఒక ఫొటో కావాలన్నాడు. సరస్సు, అవతల కొండ, నీళ్ళ మధ్యలో తెల్లలాంచీ, పైన తుఫాను. "చూసినవాళ్ళ గుండె ఒక్కసారి ఆగాలి" అన్నాడు. నేను మా మేడమీదికెక్కి తీశాను. మా మేడ నుంచి సరస్సంతా కనిపిస్తుంది. రేవులో ఆగి ఉన్న లాంచీని మబ్బులక్క కత్తిరించి తీసి, నడి నీళ్ళలో పెట్టింది. దాని పైన మబ్బు వేసింది.

తమ్ముడు ఉత్తదే అన్నాడు. ఇంకో మబ్బు వేసింది. ఉత్తదే అన్నాడు. అది వాడి నీళ్ళు, వాడి కొండ, వాడి లాంచీ. అందులో వంకలు పట్టడానికి వాడికి అడ్డేముంది? రోజుకో తుఫాను పంపేది, రోజుకో వంక వచ్చేది. ఎక్కువగా ఒకటే వంక. "పైన అంత చీకటి పెట్టి కింద నీళ్ళు మెరిపిస్తావేంటి? నీళ్ళు సరిపోలేదు." అక్కకు పంతం పెరిగింది. ఫొటోతో పాటు సవాళ్ళు పంపడం మొదలుపెట్టింది. "ఇది చూశాక లాంచీ కట్టేస్తావు." "ఇవాళ బయలుదేరకు, భయపడి చస్తావు." వాడు పగలబడి నవ్వుతున్న బొమ్మ పంపేవాడు, లాంచీ తీసేవాడు, ఇవతలికి వచ్చేవాడు. సాయంత్రం స్టూడియోకు వచ్చి, "ఏదీ, ఆపలేకపోయిందే నీ తుఫాను" అని అక్క జడ లాగేవాడు.

నాకెందుకో ఆ ఫొటో నచ్చేది కాదు. గదిలోకి వెళ్ళినప్పుడల్లా తెర మీద అదే ఉండేది. ఆ నల్లటి దాని కింద ఆ లాంచీ అగ్గిపెట్టెంత కనిపించేది. "దాన్ని రేవులోనే ఉంచకూడదూ?" అన్నానొకసారి. "హోటలాయన మధ్యలో అడిగాడు బాబాయ్" అంది. అడిగినవాడి మాట కాదనలేం. నోరు మూసుకుని వచ్చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వెనకగది కొలిమిలా ఉంటే, కాస్త గాలికని ఇద్దరం మేడ ఎక్కాం. గాలి లేదు. ఎండ తెల్లగా కాస్తోంది. సరస్సు కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. నేను జేబులోంచి రుమాలు తీస్తుండగా మబ్బులక్క నా మోచెయ్యి పట్టుకుంది.

కొండ వెనక ఏదో లేచి ఉంది. మబ్బని నాకు వెంటనే తట్టలేదు. కొండకు వెనక ఇంకో కొండ ఉందేమోననిపించింది, ఇన్నాళ్ళూ చూడనే లేదేమోననిపించింది. అడుగున నలుపు, దాని మీద చిలుం పట్టిన రాగిచెంబు రంగు ఆకుపచ్చ. అది కదులుతున్నట్టు లేదు, కానీ కనురెప్ప వేసి తీసేలోగా కొండ శిఖరం దానిలోకి పోయింది. కింద నీళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు తళతళలాడుతున్నాయి. నాకు భయమేసింది.

"వాడు కొండ కింద ఉన్నాడు" అంది మబ్బులక్క. "వాడికిది కనిపించదు."

ఫోను చేసింది. అవతలి ఒడ్డున మాట ఎప్పుడూ సరిగ్గా అందదు. టవరుకు కొండ అడ్డం. రెండోసారి చేసింది, అదీ పోలేదు. మెసేజీలు మాత్రం ఎలాగో పోతాయి. ఆమె ఫోను ఎత్తి, ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఫొటో తీసింది. దాని కింద రాసింది. "లాంచీ తీయకు. ఇది నిజం." పంపింది.

అప్పుడు నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. అదే మేడ. అదే సరస్సు, అదే కొండ. రోజూ పంపే ఫొటోయే. రోజూ రాసే మాటే.

జవాబు వెంటనే వచ్చింది. ఆమె పైకే చదవడం మొదలుపెట్టి, మధ్యలోనే ఫోను నా చేతికిచ్చింది.

"ఉత్తదే. ఆ పచ్చ ఎక్కడిదక్కా, ఏ ఆకాశమైనా అలా ఉంటుందా? తగ్గించు. పైన అంత నలుపుంటే కింద నీళ్ళు అలా మెరవవక్కా. నీళ్ళు సరిపోలేదు. ఈసారి మరీ ఎక్కువైపోయింది. బయలుదేరుతున్నా, సాయంత్రం వచ్చి చెప్తా."

ఆమె "నిజంరా, నిజంరా" అని పైకి అంటూ అదే మాట రాసి పంపింది. మళ్ళీ పంపింది. ఇంజను మొదలుపెట్టాక సరంగు ఫోను చూడడు, చూడకూడదు. నేను మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. రేవు ఆఫీసుకు పరుగెత్తాను. నా మోకాళ్ళు పరుగుకు పనికిరాక చాలా కాలమైంది. అక్కడి మనిషి నా మాట వినిపించుకునే లోపే బయటికి చూశాడు, చూసి గంట కొట్టడం మొదలుపెట్టాడు. ఆ గంట అవతలికి వినపడదు. కొండ నీడలోంచి తెల్లలాంచీ అప్పటికే బయటికి వచ్చేసింది.

మబ్బులక్క మేడ మీదే ఉండిపోయింది. ఆమె చూసింది నేను చూడలేదు. తర్వాత ఒకేఒక్కసారి చెప్పింది. లాంచీ నడి నీళ్ళలోకి వచ్చేదాకా ఎండే ఉందట. సరిగ్గా తాను హోటలాయన ఫొటోలో ఎక్కడ పెట్టిందో అక్కడికి వచ్చిందట. అప్పుడు నీళ్ళు రంగు మారాయట. "ఒక్కసారిగా సరిపోయాయి బాబాయ్" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూసి నేను లేచి వెళ్ళిపోయాను. నాకు గుండె నిబ్బరం తక్కువ.

లాంచీ పక్కకు ఒరిగి, తిరగబడింది. చేపల పడవలవాళ్ళు ప్రాణాలకు తెగించి వెళ్ళారు. ఎక్కినవాళ్ళను ఒక్కొక్కరినీ తెచ్చారు. సరంగు భుజం విరిగి, మెడను కరుచుకున్న ఒక పిల్లతో సహా, తేలుతూ దొరికాడు. తాడు పెద్దాయన దొరకలేదు. గాలి మొదలవగానే ముందుభాగంలో టార్పాలిన్ కట్టమని ఆయన్ను పంపింది సరంగే. మర్నాడు ఆయన్ను అవతలి ఒడ్డు రెల్లులో చూశారు. చేతికి తాడు చుట్టుకునే ఉంది.

ఆ పొద్దున ఆయన మోకాళ్ళు లాగుతున్నాయన్నాడట. సరంగు నవ్వి, "మా అక్క ఫొటోలు చూసీ చూసీ నీ మోకాళ్ళు కూడా ఉత్తవైపోయాయి" అన్నాడట. ఇది వాడే చెప్పాడు, ఆసుపత్రిలో, నేనడగకుండానే.

విచారణకు వచ్చిన అధికారి, ఏ హెచ్చరికా అందలేదా అని అడిగాడు. అందలేదంటే సరిపోయేది. మేమందరం వాడు అలాగే అంటాడనుకున్నాం. వాడు తల వంచుకుని, "అందింది సార్. మా అక్క పంపింది. ఉత్తదే అన్నాను" అన్నాడు. మబ్బులక్క ఆ గదిలోనే, గోడకానుకుని ఉంది.

హోటలాయన నెల తిరక్కుండా వచ్చాడు. ఆ ఫొటో ఇంకా కావాలట, ఇప్పుడైతే జనం మరీ ఆగి చూస్తారట. నా జీవితంలో నేర్చుకున్న తిట్లన్నీ ఆ రోజుకే దాచుకున్నట్టున్నాను. ఆయన గుమ్మం దాటి వీధి మలుపు తిరిగేదాకా వెంటపడి తిట్టి వచ్చాను. మబ్బులక్క ఆ ఫొటోను తీసేసింది. ఏళ్ళ తరబడి మేడెక్కి కూడబెట్టిన తుఫానులు కూడా తీసేసింది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలకు తెల్లటి వెనకభాగం పెడుతుంది. జంటలెవరైనా మబ్బులు అడిగితే నేనే గుమ్మంలో ఆపి, మా దగ్గర అవి లేవంటాను.

తమ్ముడి భుజం అతుక్కుంది. తిరిగి పనికి రమ్మన్నారు, కొత్త లాంచీ ఇస్తామన్నారు. వాడు వెళ్ళలేదు. రోజూ అక్కతో పాటు స్టూడియోకు వచ్చి, ఫొటోకు ముందు జనం తల దువ్వుకునే అద్దం ముందు బెంచీ మీద కూర్చుంటాడు. ఏదడిగినా జవాబిస్తాడు, పెట్టింది తింటాడు. ఆకాశం వైపు మాత్రం చూడడు. వీధిలో నడిచినా చూపు చెప్పుల మీదే.

అక్క తిడితే పలుకుతాడేమోనని తిట్టింది. బతిమాలింది. చివరికి నిన్న ఒక పని చేసింది. నాకు చెప్పకుండా, శాలువా కప్పుకోకుండా, పట్టపగలు వెలుతురులో కూర్చుని ఒక ఆకాశం వేసింది. కావాలని చెడగొట్టి వేసింది. సూర్యుడు ఎడమన ఉంటే నీడలూ ఎడమనే పెట్టింది. ఒకే మబ్బును రెండుచోట్ల అతికింది. చెట్టు కొమ్మల చుట్టూ పాత తెలుపు అంచు అలాగే వదిలేసింది. కింద నీళ్ళు పిల్లల రంగుపెట్టెలో నీలం. చూస్తే నాకే నవ్వొచ్చింది. అక్షరం రాని పిల్లాడైనా పది వంకలు చెప్పగల బొమ్మ.

తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టింది. "ఒరేయ్, ఇలా చూడు. నిజం మబ్బా, ఉత్త మబ్బా? చెప్పు. ఎన్ని తప్పులున్నాయో చెప్పు. నా పరువు తీసెయ్యి, ఏమీ అనుకోను" అంది. గొంతులో అంత ఆశ పెట్టుకుని మాట్లాడే మనిషిని చూడటం కష్టం. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. బయట ఎండ మండిపోతోంది, షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది. వాడి పై పెదవి మీద చెమట పట్టింది. చేతులు కుర్చీ అంచులు గట్టిగా పట్టుకున్నాయి, కింద నేల ఊగుతున్నట్టు.

"నిజమే అక్కా" అన్నాడు.

మబ్బులక్క తెర వైపు చూసింది, వాడి వైపు చూసింది.

"నిజమే" అన్నాడు వాడు మళ్ళీ, ఇంకా మెల్లగా. "ఇవాళ బయలుదేరను. తాడు పెద్దాయన్ని పిలువు. లాంచీ కట్టేయమను."

ఆమె నా వైపు చూసింది. ఆమె వాడి వెనక్కి వెళ్ళి, తల మీద చెయ్యి పెట్టి, జుట్టు వెనక్కి దువ్వింది.

"కట్టేశాడు నాన్నా" అంది.